ఒకే మూట బుడ్డలు ఒకేలా ఎందుకు కాయవు

తొలకరి పదును దొరికితే అనంతపురం ఎర్రనేలల్లో గొర్రు కదులుతుంది. ఒకే వేరుశనగ మూట విప్పుతారు, ఒకే రోజు విత్తుతారు, సాలు కూడా ఒకటే. రెండు నెలలు తిరిగేసరికి ఆ చేను ఒక్క తీరుగా ఉండదు. పల్లంలో చెట్టు గుబురుగా కమ్ముకుని ఉంటుంది, మిట్టన జానెడు కూడా లేవదు. గట్టువార ఒంటరిగా మొలిచిన చెట్టు విరగబాసి ఉంటుంది. పెరికి చూస్తే ఒకదాని కింద గుప్పిళ్లకొద్దీ కాయలు, పక్కదాని కింద నాలుగే, వాటిలోనూ రెండు తాలు. గట్టు మీద నిలబడి చూసినవాళ్లలో ఒకరు ‘విత్తనం కల్తీ’ అంటారు, ఇంకొకరు ‘నేల అంతే’ అంటారు.

కర్నూలు వైపు బుడ్డలనీ, అనంతపురం, కడప వైపు చెనిక్కాయలనీ పిలిచే ఈ వేరుశనగ చేను ముందు జరిగే వాదన చిన్నది కాదు. ఒకే జాతి మొక్కల్లో ఎత్తు, ఆకు, గింజ, రుచి, కాపు ఎందుకు తేడాగా ఉంటాయన్న ప్రశ్న మీద వృక్షశాస్త్రం నూరేళ్లకు పైగా పనిచేసింది. చేతికున్న ఐదు వేళ్లూ ఒకేలా ఉండవని సరిపెట్టుకుంటే ఇక్కడ పని జరగదు. తేడా పుట్టుకతో వచ్చిందా, పెరిగిన చోటునుంచి వచ్చిందా తేలితేనే వచ్చే ఏడాదికి ఏ గింజ దాచాలో తెలుస్తుంది. చిక్కేమిటంటే, రెండు రకాల తేడాలూ కంటికి అచ్చం ఒకేలా కనిపిస్తాయి. పుట్టుకతోనే పొట్టి అయిన చెట్టూ, నీళ్లు చాలక పొట్టిబారిన చెట్టూ పక్కపక్కన ఉంటే చూపుతో విడదీయడం ఎవరి వల్లా కాదు.

వేరుశనగతోనే మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఈ పువ్వు విచ్చుకునే వేళకే లోపల తన పుప్పొడి తన కీలాగ్రానికి అంటిపోతుంది. తేనెటీగ వచ్చి పక్క చెట్టు పుప్పొడి తెచ్చే సందర్భాలు చాలా తక్కువ. అంటే తరతరాలుగా తనలో తానే కలిసే పంట ఇది. దానికి తోడు పుట్టుకలోనే వైవిధ్యం ఇరుకు. దక్షిణ అమెరికాలో రెండు అడవి జాతులు కలిసి, వాటి క్రోమోజోములు రెట్టింపై, 40 క్రోమోజోముల మొక్కగా ఇది ఏర్పడింది. అలా ఏర్పడ్డాక తన అడవి చుట్టాలతో సులువుగా కలవలేకపోయింది. కాబట్టి కదిరి-6 అనే వేరుశనగ రకపు నిక్కమైన మూటలోంచి తీసిన వెయ్యి గింజలు జన్యువుల లెక్కన దాదాపు ఒకే గింజకు వెయ్యి నకళ్లు. అయినా వెయ్యి చెట్లు వెయ్యి తీర్లుగా పెరిగాయంటే అనుమానం ముందుగా నేల మీదికే పోవాలి.

ఈ సంగతిని మొదట కాటాలో తూచి చూపించినవాడు డెన్మార్క్ శాస్త్రవేత్త విల్హెల్మ్ యోహాన్సెన్. ఆయన తీసుకున్నదీ తనలో తానే కలిసే పంటే, బీన్స్. విత్తన మూటలోంచి ఏరిన గింజలతో 19 వంశాలను వేరువేరుగా పెంచాడు. వంశాలమధ్య తేడా స్పష్టంగా ఉంది: అన్నిటికన్నా బరువైన వంశంలో గింజ సగటు దాదాపు 640 మిల్లీగ్రాములు, తేలికైనదానిలో దాదాపు 350. అసలు కీలకం ఆ తర్వాత ఉంది. ఒకే వంశంలోనూ పెద్ద గింజలు, చిన్న గింజలు ఉన్నాయి. పెద్దవాటిని విడిగా, చిన్నవాటిని విడిగా విత్తితే రెండు మళ్లలోనూ వచ్చిన గింజల సగటు బరువు ఒకటే అయింది. వంశంలోపలి తేడా పిల్లలకు దిగలేదు, వంశాలమధ్య తేడా దిగింది. 1903లో ఈ ఫలితం వెలువడింది. 1909లో ఆయనే జన్యువు, జన్యురూపం, దృశ్యరూపం అన్న మాటలు పుట్టించాడు. చెట్టు లోపల రాసి ఉన్నది జన్యురూపం, కంటికి కనిపించేది దృశ్యరూపం. ఈ రెండూ వేరని చెప్పడానికి ప్రత్యేకంగా మాటలు కట్టాల్సి వచ్చిందంటేనే, అప్పటిదాకా చాలామంది రెంటినీ ఒకటిగా చూశారని అర్థం.

ఈ లెక్క ప్రకారం నిక్కమైన ఒకే రకం చేనులో బాగా కాసిన చెట్టును ఏరి, దాని కాయలు విత్తనానికి దాచుకుంటే రకం మెరుగుపడదు. ఆ చెట్టు పల్లంలో ఉండటం దాని అదృష్టం, ఆ అదృష్టం గింజలో మూటకట్టుకుని రాదు. అలాగని రైతు ఏరడం వృథా అనడమూ తొందరపాటే. నిండుగా ఊరిన గింజలో తల్లి పెట్టిన తిండి ఎక్కువ ఉంటుంది, మొలక దిట్టంగా వస్తుంది. కరువులో వడిలిన చెట్టు గింజ తేలిక, మొలక పీల. తల్లి అనుభవించిన ఎండ, వాన పిల్ల మొక్క తొలి రోజుల మీద నీడలా పడటాన్ని తల్లి ప్రభావం అంటారు. కొన్ని జాతుల్లో తల్లి చెట్టు మీద గింజ పండే వేళ చలిగా ఉందా వేడిగా ఉందా అన్నదాన్ని బట్టి ఆ గింజ ఎన్నాళ్లు నిద్రపోవాలో కూడా మారుతుంది. ఇది జన్యువుల్లోని తేడా కాదు. అలాగని ఈ ఏటి నేల చేసిన పని కూడా కాదు, పోయిన ఏటి నేలది.

మరి ఎర్రచేనులో నేల చేసే పనులేమిటి? అన్నిటికన్నా ముందు లోతు. గరుసు నేలలో మట్టి పొర ఒకచోట మూరెడు, పది అడుగుల అవతల జానెడు. వానల మధ్య ఇరవై రోజులు ఎడం వస్తే ఆ మూరెడు మట్టి ఇంకా తడి పట్టుకుని ఉంటుంది, జానెడు మట్టి ఎండిపోతుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే చోట, అదీ విడతలు విడతలుగా పడే చోట, ఈ జానెడుకూ మూరెడుకూ ఉన్న తేడా చెట్టు జాతకం రాస్తుంది. మిట్టన ఉన్న చెట్టు పూత దశలో వాడితే ఆ వారం పువ్వులు పోయినట్టే. పల్లంలోది అదే వారం, పువ్వు వాడాక కాయ పట్టడానికి నేలలోకి దిగే కాడలను, అంటే ఊడలను దించుతుంది.

ఊడ నేలలోకి దిగితేనే కాయ. పైమట్టి బెట్టకు గట్టిపడితే ఊడ మొన లోపలికి దిగలేక గాలిలోనే ఎండుతుంది. కింది కణుపుల ఊడలకు నేల దగ్గర, పై కణుపులవాటికి దూరం, అందుకే ఒకే చెట్టులో ముందు పూసిన పువ్వుకూ వెనక పూసిన పువ్వుకూ గతి ఒకటి కాదు. విత్తిన నెల రోజుల లోపే పూత మొదలై వారాల తరబడి సాగుతుంది. పెరికిన రోజున ఒకే చెట్టు కింద ముదురు కాయా, లేత కాయా రెండూ దొరకడం ఇందుకే. వయసు కూడా తేడాకు కారణమేనన్న సంగతి చాలా లెక్కల్లో మరుగున పడుతుంది.

సున్నం సంగతి ఇంకా చిత్రమైనది. మామూలుగా కాల్షియం వేరునుంచి నీటితో పాటు పైకెక్కి, ఆకులు నీటిని ఆవిరిగా వదిలే చోటికి చేరుతుంది. వేరుశనగ కాయ మట్టిలో ఉంటుంది, అది నీటిని ఆవిరిగా వదలదు. అందువల్ల వేరు తాగిన కాల్షియం ఆకులకు పోతుందే తప్ప కాయకు సరిగా అందదు. కాయ తన తొక్కతో తానే చుట్టూ ఉన్న మట్టిలోంచి పీల్చుకోవాలి. అక్కడ లేకపోతే పైన చెట్టు పచ్చగా నవనవలాడుతున్నా కింద లొట్టలే. పూత వేళ మొదళ్ల దగ్గర కాల్షియం ఉండే జిప్సం వేయమని చెప్పేది ఇందుకే. పిడికెడు జిప్సం ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ పడితే, ఒకే వంశపు రెండు చెట్లలో ఒకటి నిండు కాయ, ఇంకొకటి తాలు అవుతుంది. ఆ తాలు కాయను చూసి విత్తనాన్ని తిట్టడం తరచూ జరిగేదే.

పొరుగు కూడా లెక్కలోకి వస్తుంది. సందు పడిన చోట చెట్టు చాపలా పరుచుకుంటుంది, ఒత్తుగా మొలిచిన చోట సన్నబడి నిటారుగా లేస్తుంది. వేరు బుడిపెల్లోని బాక్టీరియా, ఆకుమచ్చ తెగులు, పచ్చపురుగు ఒక్కోటీ తన వంతు తేడా తెస్తాయి.

ఇంత చెప్పినా కల్తీ అన్నవాడి మాట కొట్టేయడానికి లేదు. మూటలో రెండు మూడు రకాలు కలిసి ఉంటే తేడా నిజంగానే జన్యువులది. అది తేల్చడానికి విత్తన పరీక్షల్లో ‘గ్రో అవుట్’ అని ఒక పద్ధతి ఉంది. అనుమానం ఉన్న విత్తనాన్ని, అసలు రకం అని తెలిసిన విత్తనాన్ని ఒకే మడిలో, ఒకే నీటితో, పక్కపక్కన పెంచి పోలుస్తారు. నేల ఒకటే అయినప్పుడు కూడా మిగిలే తేడా గింజది. శాస్త్రవేత్తలు వృక్షజాతుల మీద చేసే ‘ఉమ్మడి తోట’ ప్రయోగం అచ్చంగా ఇదే. రైతు పొలంలో నిలబడి వాదించుకోవడం కన్నా రెండు పిడికిళ్ల గింజలు తెచ్చి ఒక మడిలో పక్కపక్కన విత్తడం చవక.

వేరుశనగ నుంచి మామిడికి వస్తే కథ తలకిందులవుతుంది. పూర్వపు కర్నూలు జిల్లాలోని బనగానపల్లె పేరు మోసే మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పండు తిని టెంక నాటితే బనగానపల్లె మామిడి రాదని ఊళ్లో పిల్లలకూ తెలుసు. పూత మీద ఈగలు, తేనెటీగలు ఎక్కడెక్కడి పుప్పొడో తెస్తాయి, తల్లిలోనే చాలా జన్యువుల జంటల్లో రెండూ ఒకేలా ఉండవు, టెంకలో ఒక్కటే పిండం, అది ఆ కలయికలో పుట్టినదే. ప్రతి టెంకా కొత్తగా పంచిన పేకముక్కల చేయి. కాబట్టే టెంకతో లేచిన నాటు మామిళ్లలో ఒకటి పులుపు, ఒకటి పీచు, ఒకటి ఊరంతా చెప్పుకునే తీపి. అంటు కట్టడమంటే ఆ పంపకాన్ని ఆపేసి, బాగున్న ఒక చేతిని వేల తోటల్లో అలాగే పరచడం. చింతకు ఆ పని పెద్దగా జరగలేదు గనుక, ఒకే గట్టు మీది నాలుగు చింతచెట్లలో నాలుగు పులుపులు ఉంటాయి. నిజానికి గట్టు మీది చింతను చూసినవాళ్లకు జన్యు వైవిధ్యం గురించి వేరే పాఠం అక్కర్లేదు.

అయితే అంటు మామిడి తోటలో అన్ని కాయలూ ఒకేలా ఉన్నాయా? లేవు. అన్ని చెట్లూ ఒకే చెట్టు ముక్కలైనా ఒక ఏడు విరగకాసిన చెట్టు మరుసటి ఏడు బోసిపోతుంది, పడమటి ఎండ తగిలిన కొమ్మ కాయ రంగు వేరు. జన్యువులు ఒకటైతే లక్షణాలు ఒకటవుతాయన్న భ్రమ ఇక్కడ పోతుంది.

అనంతపురం, పులివెందుల వైపు చీనీ తోటలు దీనికి ఇంకో మడత వేస్తాయి. కోస్తాలో బత్తాయి అనే ఈ సాత్‌గుడి చీనీ చెట్టు నిజానికి రెండు చెట్లు. పైన కన్ను కట్టిన చీనీ, కింద వేళ్లున్న మొదలు వేరే నిమ్మజాతి. జంబేరి వంటి గరుకు నిమ్మల మీద కడితే చెట్టు చురుగ్గా పెరిగి కాయ పెద్దదవుతుంది. కానీ తొక్క మందం, రసంలో తీపి పలచన. రంగపూర్ నిమ్మ మీద కడితే బెట్టను, వేరుకుళ్లును బాగా తట్టుకుంటుందని మన దగ్గర దాన్నే సిఫారసు చేస్తున్నారు. పైన కన్ను ఒక్కటే, జన్యువులు ఒక్కటే, కాయ తీరు మాత్రం కింది చెట్టును బట్టి మారుతుంది. దీన్ని వారసత్వం అనాలా, పరిసరం అనాలా? పై చెట్టుకు కింది చెట్టు పరిసరమే. రెండు డబ్బాలుగా విడదీసి పెట్టుకున్న కారణాలు ఇలాంటి చోట ఒకదానిలోకి ఒకటి ఒలికిపోతాయి.

ఒకే జన్యురూపం ఎంత దూరం సాగగలదో చూడాలంటే కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను చాలు. దాదాపు ఐదెకరాల మేర పరుచుకున్న ఈ చెట్టు 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. లోపలికి నడిస్తే అడవిలా ఉంటుంది గానీ అక్కడున్న స్తంభాలన్నీ ఒకే మాను ఊడలు. (వేరుశనగ ఊడకూ మర్రి ఊడకూ తెలుగులో ఒకే మాట ఉండటం ముచ్చటే.) పైన ఎండకు నిలబడ్డ మర్రి ఆకు చిన్నది, దళసరి. లోపలి నీడలో ఆకు వెడల్పు, పలచన. నీడ ఆకు తక్కువ వెలుతురును ఎక్కువ మేర పట్టుకోవాలి, ఎండ ఆకుకు వెలుతురు కొరత లేదు, నీళ్లు కాపాడుకోవడమే దాని బాధ. ఒక్క చెట్టులోనే ఇంత తేడా ఉంటే, ఒక్కో చెట్టు నుంచి ఒక్కో ఆకు కోసి జాతి సగటు తీసేవాళ్లు ఆ ఆకు ఏ కొమ్మదో రాసుకోకపోతే లెక్క తప్పినట్టే.

ఇలా చోటును బట్టి ఆకారం మార్చుకునే గుణాన్ని ప్లాస్టిసిటీ అంటారు. అది చెట్టు చేతకానితనం కాదు, నడవలేని జీవికి దొరికిన తెలివి. పశువుకు ఎండ పడకపోతే నీడకు పోతుంది. చెట్టు పోలేదు గనుక తన వేరును, ఆకును మార్చుకుంటుంది. అయితే తిండి చాలక గిడసబారడాన్నీ, నీటి కోసం పైపెరుగుదల తగ్గించి వేరును లోతుకు దించడాన్నీ ఒకే గాటన కట్టకూడదు. మొదటిది దెబ్బ, రెండోది జవాబు.

చోటు మారినా మారని తేడాలూ ఉన్నాయి. క్లౌసెన్, కెక్, హీసీ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు కాలిఫోర్నియాలో చేసి 1940లో వెలువరించిన పని ఈ విషయంలో ఇప్పటికీ మచ్చుతునక. సముద్రతీరం నుంచి పర్వతశిఖరాల దాకా పెరిగే పొటెంటిల్లా అనే ఒకే జాతి మొక్కలను తెచ్చి, ఒక్కో మొక్కనూ పిలకలుగా చీల్చి, 30 మీటర్లు, 1,400 మీటర్లు, 3,050 మీటర్ల ఎత్తుల్లోని మూడు తోటల్లో నాటారు. మొక్క ఒకటే, చోట్లు మూడు. ప్రతి మొక్కా చోటును బట్టి కొంత మారింది, ఆ మేరకు పరిసరం గెలిచింది. కానీ కొండకొన మొక్కను కిందికి తెచ్చినా అది పొట్టిగానే ఉండిపోయింది, తీరపు మొక్క శిఖరం మీద చలికాలం దాటలేకపోయింది. తరతరాల ఎంపిక ఆ తేడాను గింజలోకి ఎక్కించిందన్నమాట. స్వీడన్‌లో టూరెసన్ 1922లో ఇలాంటి స్థానిక రూపాలకు ఎకోటైప్ అని పేరు పెట్టాడు. మన నల్లరేగడి ఊళ్లలో తరాల తరబడి కంకులు ఎంచి విత్తనానికి దాచుకున్న జొన్న రకాలు కూడా ఇలా తయారైనవే, కాకపోతే అక్కడ ఎంచినది చలిగాలి కాదు, మనిషి చేయి.

ఇక్కడొక మెలిక ఉంది. జన్యువులది ఇంత వాటా, పరిసరానిది ఇంత వాటా అని కూడికలా రాసేస్తే నిజం జారిపోతుంది. మంచి వానల ఏట ముందుండే రకం కరువు ఏట వెనకబడవచ్చు, వెనకున్నది నిలబడవచ్చు. ఏది గొప్ప రకం అన్న ప్రశ్నకు ‘ఏ ఏట, ఏ నేలలో’ అన్న తోక లేకపోతే అర్థం లేదు. తమిళనాడు తిండివనం నుంచి 1940లో వచ్చిన టీఎంవీ-2 అనంతపురంలో దశాబ్దాలు ఏలింది. తర్వాత కదిరి పరిశోధన కేంద్రపు కదిరి-6 దాని చోటు తీసుకుంది. రకాలను ఏళ్ల తరబడి, ఊళ్ల తరబడి పరీక్షించాకే విడుదల చేయడం ఈ మెలిక వల్లే. తేడాలో జన్యువుల వాటా ఎంతో చెప్పడానికి అనువంశికత శాతం అని పత్రికల్లో కనిపించే అంకె కూడా ఆ చేనుకూ ఆ ఏటికీ చెందినదే తప్ప మొక్క ఒంట్లో స్థిరంగా ఉండేది కాదు. నేలను చదును చేసి నీరు సమంగా ఇస్తే ఆ అంకె పెరుగుతుంది, అలాగని జన్యువులు మారాయా?

మరికొన్ని కారణాలు వేగంగా చెప్పుకోవచ్చు. గరిక లాంటి జాతుల్లో క్రోమోజోముల సెట్లు రెండున్న మొక్కలూ, నాలుగున్న మొక్కలూ ఉంటాయి. ఉత్పరివర్తనాలు, అంటే జన్యువుల్లో కొత్తగా పుట్టే మార్పులు, అరుదుగానైనా వస్తాయి. వాటిని రేడియేషన్‌తో కావాలని పుట్టించి ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రం కొత్త వేరుశనగ రకాలు తెచ్చింది. ఇక జన్యువు అక్షరం మారకుండానే అది పనిచేయడం ఆగిపోయే మార్గం ఒకటి ఉంది. లినేరియా అనే మొక్కలో వింత ఆకారపు పువ్వును లిన్నేయస్ 1744లో వర్ణించాడు. దాని కారణం 1999లో దొరికింది: ఒక జన్యువు మీద మిథైల్ అనే రసాయన గుర్తులు పడి అది మూగబోయింది, అంతే. దీన్ని బట్టి కరువు జ్ఞాపకాలన్నీ తరతరాలకు దిగుతాయని చెప్పేవాళ్లున్నారు. ఇంత చిన్న తీగకు అంత పెద్ద గుమ్మడికాయ కట్టడం సరికాదు.

ఇదంతా సాగుకు పనికొచ్చే ముచ్చట మాత్రమే అనుకోవడానికి లేదు. అడవులను లెక్కించేవాళ్లు చాలాకాలం జాతికి ఒక సగటు అంకె వేసి సరిపెట్టారు. 2015లో ప్రపంచవ్యాప్త అధ్యయనాలను కలిపి చూస్తే, ఒకచోటి మొక్కల సముదాయంలో కనిపించే లక్షణాల తేడాలో సగటున 25 శాతం ఒకే జాతి లోపలిదేనని తేలింది. పావు వంతును పక్కన పెట్టి వేసిన లెక్క ఎంత నిలుస్తుంది?

కడప జిల్లా అడవుల్లో ఈ పావు వంతుకు రూపాయల విలువ కూడా ఉంది. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండల్లో తప్ప సహజంగా ఎక్కడా పెద్దగా పెరగని ఎర్రచందనంలో కొన్ని మానుల చేవ నిలువు గీతల్లా తిన్నగా ఉంటుంది, కొన్నిటిది అలలు అలలుగా తిరుగుతుంది. జపాన్‌లో షామిసెన్ వంటి వాద్యాలకు ఆ అలల చేవే కావాలి, ధర దానికే. పక్కపక్కన నిలబడ్డ రెండు మానుల్లో ఒకటి అల, ఒకటి గీత. క్వార్ట్‌జైట్ రాళ్ల సందున బక్కమట్టిలో కష్టపడి పెరగడం వల్ల అల వస్తుందని కొందరంటారు. తల్లి గుణమని కొందరంటారు. తేనెటీగలు పువ్వు నుంచి పువ్వుకు పుప్పొడి మోసే చెట్టు గనుక ఒకే తల్లి పిల్లల్లో కూడా తండ్రులు వేరు. కాబట్టి పిల్లల్లో తేడా కనిపించినంత మాత్రాన నేలదే తప్పని చెప్పడానికీ వీల్లేదు.

తేల్చే దారి మాత్రం బుడ్డల చేనులో ఉన్నదే. అలల మాను కొమ్మను, తిన్నని మాను కొమ్మను అంటు కట్టి, రెంటినీ రాతినేలలోనూ నాటాలి, మెత్తని ఎర్రనేలలోనూ నాటాలి. నాలుగు మళ్లు చాలు. వేరుశనగకైతే నూట పది రోజుల్లో పెరికి చూడొచ్చు. ఎర్రచందనంలో చేవ కట్టడానికే దశాబ్దాలు పడుతుంది, లోపల అల ఉందో లేదో మాను కోస్తే గానీ సరిగా కనిపించదు. ఈ రోజు నాటినవాళ్లు కాక వాళ్ల తర్వాతివాళ్లు రంపం పట్టుకోవాల్సిన ప్రయోగం అది.